ఎగరని వాళ్లకు ముద్ర లేదు

మా ఇవాకుమా మాస్టారు పళ్ల పెట్టె ఎక్కే తీరు చూసి తీరాలి. నారింజలు తెచ్చే చెక్కపెట్టెను బోర్లించి, నీలం రంగు పూసి, దానికి వేదిక అని పేరు పెట్టుకున్నాడు. తెల్ల ప్యాంటు, మెడలో ఈల, జేబు మీద బడిలో పనిచేసినప్పటి బ్యాడ్జి. వ్యాయామం మాస్టారుగా రిటైరై పన్నెండేళ్లయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఉదయం ఆరున్నరకు రేడియోలో కసరత్తు కోసం పియానో మోగుతుంది. దేశమంతా ఆ మోతకు చేతులెత్తుతుంది, దించుతుంది, నడుం వంచుతుంది. మా రేవు ఊళ్లో పిల్లల పార్కులో ఇరవై మంది ముసలివాళ్లం అదే పని చేస్తాం. అయ్యాక, మెడలో తాడుకు వేలాడే అట్టముక్క మీద మాస్టారు ఎర్రసిరాతో చేపబొమ్మ ముద్ర గుద్దుతాడు. వేసవి సెలవుల్లో చిన్నపిల్లల్ని నిద్రలేపడానికి పుట్టిన పద్ధతి అది. అరవై దాటినవాళ్లం దానికోసం వరసలో నిలబడతాం. సెప్టెంబరులో ముసలివాళ్లను గౌరవించే పండగనాడు, అట్ట నిండినవాళ్ల పేర్లు హాల్లో మైకులో చదివి, ఒక కాగితమూ ఒక పెట్టెడు తీపి బన్నులూ చేతిలో పెడతారు. బన్నుల మీద ఎవరికీ ఆశ లేదు. పేరు చదవకపోతే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని భయం. మా సిగ్గు అంత చవక.

అంతవరకూ ఓర్చుకోవచ్చు. మాస్టారు దాని మీద తన సొంత నియమం ఒకటి తగిలించాడు. ఎగరని వాళ్లకు ముద్ర లేదు.

రేడియో కసరత్తులోని పదమూడు కదలికల్లో పదకొండోది ఎగరడం, అంటే ఉన్నచోటే గెంతడం. రేడియోలో అమ్మాయి రోజూ మర్యాదగా, ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు చేయండి అంటుంది. మాస్టారు ఆ మాట వినపడకుండా సరిగ్గా అప్పుడే ఈల ఊదుతాడు.

ఇక మా సంగతి చెబుతాను. మాదేం గొప్ప కాదు. నా పేరు ఫుసాయే, అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు బడి వంటింట్లో మూడొందల మందికి వండాను. ఇద్దరు పిల్లల్ని కన్నాను, అంతకంటే బరువైన పులుసు గుండిగలు రోజుకు నాలుగు దించాను. మూడో వరస ఆడవాళ్లం నలుగురం. నలుగురివీ నల్ల ప్యాంట్లో, ముదురు నీలం ప్యాంట్లో. జూలై ఎండలో కూడా అంతే. ఇంటినుంచి బయల్దేరే ముందు నలుగురం రెండేసిసార్లు మరుగుదొడ్డికెళ్తాం. లేచినప్పటినుంచి గుక్కెడు నీళ్లు తాగం. ఎందుకని ఏ ఒక్కరూ ఇంకొకర్ని అడగరు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటారే, మేము నాలుగు పిల్లులం.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారి. చిగుసా మాత్రం లేత బూడిదరంగు ప్యాంటు వేసుకుని వచ్చేది. మా పక్కిల్లే. వంటింట్లో ఇరవై ఏళ్లు నా పక్కన నిలబడి కూరలు తరిగిన మనిషి. ముదురు రంగు వేసుకుంటే చావింటికి వెళ్తున్నట్టు ఉంటుందనేది. గిన్నెలు కడుగుతూ పాడేది, చెడ్డగా పాడేది. ప్రతి ఆదివారం యాభై నిమిషాలు బస్సులో వెళ్లి, కొండవతల వృద్ధుల ఆశ్రమంలో ఉన్న చెల్లెలు ముత్సుమికి తల దువ్వి వచ్చేది. ముత్సుమికి చేతులు పనిచేయవు.

పోయిన జూన్‌లో చిగుసా ఎగరడం మానేసింది. పియానో ఆ చోటికి రాగానే ఊరికే మోకాళ్లు వంచేది. మాస్టారికి అది కంట్లో నలుసైంది.

"చిగుసా గారూ! కాళ్లు భూమికి అతుక్కుపోయాయా?"

"మోకాలు నొప్పిగా ఉంది మాస్టారూ."

"నిన్న నడుమన్నారు. ఇవాళ మోకాలు. రేపు జుట్టు నొప్పి అంటారేమో! రండి, ముందుకు రండి. మీకోసం మళ్లీ వేస్తాను."

రేడియో గరగరలాడితే పనికొస్తుందని ఆయన ఒక టేపురికార్డరు పెట్టుకుంటాడు. సరిగ్గా ఎగిరే ముక్క దగ్గరికి తిప్పి నొక్కాడు. చిగుసా అందరి ముందూ, మాకు వీపు చూపిస్తూ నిలబడింది.

"ఊపిరి బిగబట్టండి! పొట్ట లోపలికి! ఛాతీ బయటికి! ఊఁ, ఎగరండి!"

ఎగిరింది పాపం. ఎనిమిదిసార్లు ఎగరాలి. అయిదోసారికి ఆ బూడిదరంగు మీద అరచేతంత మరక నల్లగా కనబడింది. ఏడోసారికి మోకాలి వెనకదాకా పాకింది. మాస్టారు ముందునుంచి చూస్తున్నాడు కాబట్టి ఆయనకు తెలియలేదు. "శభాష్, చూశారా, వస్తుందిగా!" అని ఈల ఊదాడు. వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. ఎవరిదో తర్వాత చెబుతాను. చిగుసా టోపీ తీసి వెనక అడ్డం పెట్టుకుని, ముద్ర కోసం ఆగకుండా, ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

మళ్లీ బయటికి రాలేదు. కిరాణా అంతా సహకార సంఘం వాళ్ల డబ్బాలో గుమ్మం ముందుకే తెప్పించుకునేది. నేను పెట్టిన నారింజలు గుమ్మం మీదే ముడతలు పడ్డాయి. ఆదివారం బస్సు ఆమె లేకుండానే కొండ ఎక్కేది. యాభై నిమిషాలు, మధ్యలో ఎక్కడా దిగడానికి లేదు. మూడో వరసలో తొకికో అయితే, "వయసు మీద పడింది, పాపం, బుర్ర కూడా పోయిందేమో" అంది. తొకికోది ముదురు నీలం ప్యాంటు. గురివింద గింజ తన కింద నలుపెరుగదట.

నవంబరులో మాస్టారు మాయమయ్యాడు. పిత్తాశయంలో రాళ్లని భార్య చేత చెప్పించాడు. రెండు నెలల తర్వాత తిరిగొచ్చాడు. పెట్టె అదే, ఈల అదే, ప్యాంటు మాత్రం ముదురు నీలం. ఎగిరే ముక్క వచ్చేసరికి పెట్టె దిగి వరసల మధ్య పచార్లు చేస్తూ, "మోకాళ్లు! మోకాళ్లు చూసుకోండి!" అని మా తప్పులు దిద్దడం మొదలుపెట్టాడు. మొదటివారమే నాకు అనుమానం రావాల్సింది. ఒక మనిషి గురించి ముప్పై రకాలుగా హేళన చేసుకోగలిగే తెలివి ఉండి కూడా, ప్యాంటు రంగు చూసి అర్థం చేసుకోలేకపోయాను.

జనవరిలో నా పాపం పండింది. చేపల కొట్లో తుమ్మాను. ఒకటి కాదు, మూడు. లోపల పెట్టుకున్న ప్యాడ్ చాలలేదు, సాక్సు దాకా వచ్చింది. చేపల కొట్టు నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి బతికిపోయాను. కొట్టువాడు నా కాళ్ల దగ్గర నీళ్లు చల్లి ఊడ్చి, "జారుతుంది పెద్దమ్మా, జాగ్రత్త" అన్నాడు.

మా వీధి డాక్టరు ఇదివరకు ఒకసారి, "వయసండీ" అని రెండు నిమిషాల్లో పంపేశాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో తెలియదు. ఈసారి బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లాను. గురువారం పొద్దున కటి కండరాల తరగతి ఉంది, రెండో అంతస్తు అన్నారు. తలుపు మీద కాగితం అంటించి ఉంది: స్త్రీలు, ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన పురుషులు. ఊళ్లో ఆ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు ఒక్కతే కాబట్టి ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టేవారు.

తలుపు తీశాను. గుండ్రంగా కుర్చీలు. ఒక కుర్చీలో, చుట్టిన తువ్వాలు కింద పెట్టుకుని, గుడ్డు మీద కోడిలా ఇవాకుమా మాస్టారు.

ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. ఆయన ముఖం బీట్‌రూటైంది.

"నడుం నొప్పి," అన్నాడు.

"నాక్కూడా నడుమే మాస్టారూ," అన్నాను. తలుపు మీది కాగితం ఇద్దరం చదివే లోపలికి వచ్చాం.

నేర్పే పిల్ల పేరు నాగిసా. ఇరవై ఆరేళ్లుంటాయి, మాటకు మెత్తన, మనిషి గట్టి. ప్లాస్టిక్ ఎముకల గూడు ఒకటి పట్టుకుని తిప్పి చూపించింది.

"నడుం ఎముకలు గిన్నెలా ఉంటాయి కదండీ. కానీ ఈ గిన్నెకు అడుగు లేదు, చూడండి. ముందు ఈ ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు ఊయలలా కట్టి ఉంటాయి. అవే అడుగు. మూత్రాశయం, పేగు చివర, ఆడవాళ్లకైతే గర్భసంచి, అన్నీ దానిమీదే ఆనుకుని ఉంటాయి. కాన్పులు, బరువులు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, వీటితో అది వదులవుతుంది. ఆపరేషన్ అయిన మగవాళ్లకు ఇన్నాళ్లూ సాయం చేసిన బిగింపు ఒకటి పోతుంది, భారమంతా దీని మీదే పడుతుంది."

ముప్పై ఏళ్లు గుండిగలు మోసినదాన్ని, నేను అడుగు లేని గిన్నెనని ఎవరూ చెప్పలేదు. పైగా బరువెత్తేముందు ఊపిరి బిగబట్టమని మా వంటింటి గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. రాయించింది ఎవరనుకున్నారు? బడి వ్యాయామం మాస్టారే.

"ఇప్పుడు గాలి పోకుండా ఆపుకుంటున్నట్టు, మూత్రం ఆపుకుంటున్నట్టు, బొందు సంచి మూతి దగ్గరికి లాగినట్టు లాగండి. లాగి పైకి ఎత్తండి. పిరుదులు బిగించొద్దు. ఊపిరి ఆపొద్దు. మామూలుగా మాట్లాడుకుంటూ చేయగలగాలి."

మాస్టారు ఛాతీ పొంగించాడు. మెడ నరాలు తేలాయి. గది మొత్తాన్నీ తనే ఎత్తబోతున్నట్టు బిగుసుకున్నాడు. నాగిసా ఆయన్ని తెర వెనక బల్ల మీదికి తీసుకెళ్లి, పొత్తికడుపు మీద స్కానింగ్ యంత్రం ఆనించింది. తెర అంటే గుడ్డే కదా. చెవులు మూసుకునేంత మర్యాద నాకు లేదు.

"యంత్రంలో కనబడే ఈ నల్లటిది మీ మూత్రాశయం. లాగండి ఒకసారి... చూశారా? మీరు పైకి లాగుతున్నాననుకుంటున్నారు. అది కిందికి పోతోంది. తోస్తున్నారు."

"అలా ఎలా అవుతుంది? నలభై ఏళ్లు పిల్లలకు ఇలాగే నేర్పాను."

"అయితే నలభై ఏళ్లు తప్పు నేర్పారండీ," అంది ఆ పిల్ల, టైమెంతయిందో చెప్పినట్టు.

చలికాలంలో వేడి టీ గొంతులోంచి దిగినట్టు ఆ మాట నాలోకి దిగింది. పైన పటారం, లోన లొటారం! కాళ్లూపుకుంటూ నవ్వుకున్నాను. తర్వాత నా వంతు వచ్చింది. నాదీ కిందికే పోయింది.

"నీళ్లు ఎన్ని తాగుతారు?" అని అడిగింది నాగిసా.

"బయటికి వెళ్లే రోజు తాగను. వెళ్లే ముందు రాకపోయినా రెండుసార్లు వెళ్లొస్తాను," అన్నాను, తెలివైనదాన్నని మెచ్చుకుంటుందేమోనని.

"రెండూ తప్పే పెద్దమ్మా. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది. రాకుండా వెళ్తే కొంచెం నిండగానే గోల చేయడం దానికి అలవాటవుతుంది. ఇలా ఎన్నాళ్లుగా చేస్తున్నారు?"

"ముప్పై ఏళ్లుగా."

ఆమె కలం తీసింది. రాసుకుంది.

తరగతి అయ్యాక వరండాలో మాస్టారు నాకోసం కాచుకుని ఉన్నాడు. చేతిలో మిఠాయి కొట్టు సంచి, బంగారు రంగు తాడుతో. మగవాళ్ల మరుగుదొడ్లో ప్యాడ్ వేయడానికి చెత్తబుట్ట ఉండదట. వాడినదాన్ని కాగితంలో చుట్టి, ఆ సంచిలో పెట్టుకుని, ఇంటిదాకా మోసుకెళ్తున్నాడు. పాపం అనిపించాలి. అనిపించింది కూడా, ఒక్క క్షణం. తర్వాత చిగుసా టోపీ గుర్తొచ్చింది.

"ఫుసాయే గారూ, ఈ సంగతి మన మధ్యే..."

"ఏ సంగతి మాస్టారూ? నడుం నొప్పా?"

"మీరలా దెప్పకండి. నలభై ఏళ్లుగా ఊళ్లో తలెత్తుకు తిరిగినవాణ్ణి."

"చిగుసా తలెత్తుకు తిరగలేదా? ఆమెను ముందుకు పిలిచి మరీ ఎగిరించారు కదా."

"అలా అవుతుందని నాకేం తెలుసండీ? నేను చూడను కూడా లేదు. తొకికో గారు చెబితే తెలిసింది."

"తెలిశాక ఏం చేశారు?"

ఆయన సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఏమీ చేయలేదు. చేస్తే నియమం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

"రేపు నాతో వాళ్లింటికి రండి," అన్నాను. "ముద్ర పట్టుకుని రండి. తప్పయిందని చెప్పండి. లేదంటే ఎల్లుండి ఆ పెట్టె మీద నేనెక్కుతాను."

బెదిరించడం ఇంత హాయిగా ఉంటుందని నాకు అరవై ఎనిమిదేళ్లదాకా తెలియదు.

మర్నాడు చిగుసా తలుపు జానెడు తెరుచుకుంది. సన్నబడింది. మాస్టారు నడుం లంబకోణంలో వంచాడు. అదొక్కటి బాగా చేస్తాడు. సమావేశంలో ప్రసంగంలా మొదలుపెట్టాడు: "నిర్వాహకుడిగా నా వైపు నుంచి అజాగ్రత్త..." చిగుసా ఆయన బట్టతల వైపు చూస్తూ నిలబడింది. ప్రసంగం మధ్యలో ఆయనకు మాటలు అయిపోయాయి. వంగినవాడు వంగినట్టే ఉండి, నేలతో అన్నాడు, "నాక్కూడా ఇప్పుడు కారిపోతోంది చిగుసా గారూ. దగ్గితే చాలు. రోజుకు నాలుగు ప్యాడ్లు."

ఆ మాట అనమని నేను చెప్పలేదు. ఆయన్ని చీదరించుకోవడం ఒక్క క్షణం మరిచిపోయాను.

చిగుసా నిదానంగా అంది, "లేవండి మాస్టారూ, నడుం పట్టేస్తుంది. మీరు మాస్టారు, అరవడం మీకు అలవాటు. మీ మీద నాకు పెద్ద కోపం లేదు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నవ్వావు."

చెబుతానన్నాను కదా. ఆ నవ్వు నాదే.

"తొకికో నవ్వలేదే?" అన్నాను. నా నోటికి తోచింది అదీ.

"తొకికో తర్వాత నవ్వింది. ముందు నవ్వింది నువ్వు. నీ నవ్వు నాకు తెలియదా? ఇరవై ఏళ్లు విన్నాను." గొంతు పెంచలేదు. "మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటారే, అలా ఉంది నా పని. రెండు పులుసు గుండిగల మధ్య నువ్వు ఎక్కడికి పరిగెత్తేదానివో చూడలేదనుకున్నావా? నీ నల్ల ప్యాంటు సంగతి నాకు తెలియదనుకున్నావా? ఎన్నిసార్లు నీ గుండిగ నేను దించాను ఫుసాయే? ఎప్పుడైనా ఎందుకని అడిగానా?"

అడగలేదు. ఆ రోజు నవ్వుతున్నప్పుడు నా లోపలి గుడ్డ కూడా తడిసే ఉంది. నాది కనబడలేదని వచ్చిన నవ్వు అది.

ఆమె లోపలికెళ్లి, ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టిన బూడిదరంగు ప్యాంటు తెచ్చి నా చేతుల్లో పడేసింది.

"ఇది వేసుకుని ఎగురు. లోపల ఏమీ పెట్టుకోకు. నేను నిలబడ్డ చోటే నిలబడు. అప్పుడు వస్తాను."

తలుపు మూసుకుంది. మాస్టారు నన్ను ఓదార్చబోయాడు. ఆ మనిషి చేత ఓదార్పు పొందడం కంటే చేపల కొట్లో తుమ్మడం నయం.

తర్వాత నేను చేసింది వింటే నన్ను కూడా ఆయన పక్కన పెట్టె మీద నిలబెడతారు. ప్యాంటు బీరువాలో దాచాను. గురువారాలు తరగతికి వెళ్లాను, బియ్యం కడుగుతూ, బస్సు కోసం నిలబడి, పళ్లు తోముకుంటూ, రోజుకు మూడుసార్లు పదేసి చొప్పున లాగాను, వదిలాను. నాగిసా మూడు నెలలు పడుతుందంది. మూడు నెలలాగి, అప్పుడు బూడిదరంగు వేసుకుని, ఒక్క చుక్క పడకుండా ఎగిరి, చిగుసా ముందు గెలుద్దామని నా ఎత్తు. క్షమాపణలో కూడా గెలవాలనుకునే జాతి మాది.

మార్చిలో ఒక ఆదివారం ఏదో బుద్ధి పుట్టి, చిగుసా బదులు నేను బస్సెక్కి ముత్సుమిని చూడబోయాను. ఆమె జుట్టు ఎవరో నర్సు పొట్టిగా కత్తిరించేసింది, దువ్వే పని లేకుండా. నన్ను చూసి, నా వెనక తలుపు వైపు చూసింది.

"అక్క రాలేదా?"

"ఒంట్లో బాగోలేదు. వస్తుందిలే."

"పోయిన వేసవి నుంచీ ఒంట్లో బాగోలేదా? నేనేమైనా అన్నానా? పోయినసారి దువ్వుతుంటే నొప్పి పుట్టి కసురుకున్నాను. అందుకేనా?"

తొమ్మిది నెలలుగా ఆ మనిషి ఆ కసురు గురించే ఆలోచిస్తూ కూర్చుంది. తిరుగు బస్సులో యాభై నిమిషాలూ నాకు నేనే అసహ్యమేసింది. మాస్టారి మీద ఖర్చుపెట్టగా మిగిలిందంతా నా మీదే పోసుకున్నాను. మూడు నెలలు కాలేదు. రెండు నెలల చిల్లరే అయింది. అయినా సరే అనుకున్నాను.

మర్నాడు పొద్దున రెండు గ్లాసుల బార్లీ టీ తాగాను. మరుగుదొడ్డికి ఒక్కసారే వెళ్లాను. ప్యాడ్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎవరికి తెలుస్తుంది? చిగుసా వచ్చి తడిమి చూస్తుందా? ఆ ఆలోచనకే ఒళ్లు మండి, దాన్ని అరలో పెట్టేసి, బూడిదరంగు ప్యాంటు తొడుక్కున్నాను. నడుం దగ్గర బిగుతుగా ఉంది. బయల్దేరేటప్పుడు చిగుసా ఇంటి కిటికీ మీద రెండుసార్లు కొట్టి వెళ్లాను.

పార్కులో నా ప్యాంటు చూసి తొకికో, "పెళ్లిచూపులా?" అంది. పదో కదలిక అయ్యాక మాస్టారు పెట్టె మీదనుంచి గొంతు సవరించుకున్నాడు. "ఇకమీదట ఎగరలేనివాళ్లు మడమలెత్తితే చాలు. అందరికీ ముద్ర ఉంటుంది." ఎందుకో చెప్పలేదు. తన గురించి ఒక్క ముక్క అనలేదు. చిగుసా ఇంటి గుమ్మంలో తను నేలకు చెప్పినది ఇరవై మందికి చెప్పడానికి ఆయనకు ఇంకా ధైర్యం చాలలేదు. ఏదో వరం ఇస్తున్నట్టు చెప్పాడు. సరే, వరమే అనుకుందాం.

నేను ముందుకు నడిచి, చిగుసా నిలబడిన చోట, అందరికీ వీపు పెట్టి నిలబడ్డాను.

"ఫుసాయే గారూ, అవసరం లేదండీ..." అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

"టేపు వేయండి," అన్నాను.

పియానో మొదలైంది. దగ్గరికి లాగి, పైకి ఎత్తి, ఊపిరి వదులుతూ ఎగిరాను. ఒకటి. పొడి. రెండు, మూడు. పొడి. నాలుగోసారి, నేను గెలుస్తున్నాననుకున్నాను. ఆ గర్వంలో ఊపిరి బిగబట్టాను. అయిదుకు వెచ్చగా తగిలింది. ఆరుకు తొడ మీదికి జారింది. మానేసి పరిగెత్తమని కాళ్లు అన్నాయి. ఏడు, ఎనిమిది కూడా ఎగిరాను. చేతులు వెనక్కి పెట్టుకోలేదు.

పియానో ఆగింది. వెనక నవ్వు కోసం ఎదురుచూశాను. రాలేదు. తల తిప్పి చూస్తే తొకికో తన ముదురు నీలం ప్యాంటు వైపు చూసుకుంటోంది.

జారుడుబల్ల వెనకనుంచి చిగుసా వచ్చింది. మెడలో జూన్ నాటి అట్ట, సగం ఖాళీగా. నల్ల ప్యాంటు వేసుకుంది, చావింటికి వెళ్లేదానిలా. ఉన్న ఒక్క బూడిదరంగుదీ నా ఒంటి మీదే ఉంది కదా. నా వెనక్కి వెళ్లి, వంగి, కొట్లో చేపను చూసినట్టు నింపాదిగా చూసింది.

"ఇంతేనా?" అంది. "నాది దీనికి మూడింతలు."

"రెండు నెలలుగా కసరత్తు చేస్తున్నాను మరి."

"దేనికి కసరత్తు?"

"దీనికే. కింద కండరాలుంటాయి. లాగడం నేర్పుతారు. మాస్టారు కూడా నేర్చుకుంటున్నాడు, నాకంటే అధ్వాన్నంగా."

అది ఇరవై మందికీ వినపడింది. మాస్టారు ముద్ర డబ్బీ పట్టుకుని పెట్టె మీద అలాగే నిలబడ్డాడు. కాసేపటికి దిగి వచ్చి, అందరూ చూస్తుండగా, "నిజమే," అన్నాడు. "నాదీ కారుతుంది." చిగుసా అట్ట కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ముద్ర మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ," అని నా వైపు తిరిగింది. "ఆదివారం బస్సు యాభై నిమిషాలు. అప్పటికి వస్తుందా ఆ కసరత్తు?"

"రాదు. మూడు నెలలు పడుతుంది. ఈ ఆదివారానికి ప్యాడ్ పెట్టుకో, నేనూ పెట్టుకుంటాను, ఇద్దరం వెళ్దాం. నీ చెల్లెలు దువ్వెన దగ్గర కసిరినందుకు నువ్వు రావట్లేదనుకుంటోంది."

చిగుసా ముఖం మారిపోయింది. "ఎవరు చెప్పారు?"

"నేనే వెళ్లొచ్చాను, నిన్న."

ఆమె పళ్ల పెట్టె మీద కూలబడింది. మాస్టారి వేదిక మీద ఆయన తప్ప ఎవరూ కూర్చోవడం అదే మొదటిసారి. తప్పయిందని చెప్పాలని తొమ్మిది నెలలుగా నా నోట్లో నలుగుతున్న మాట అప్పుడు కూడా సరిగా రాలేదు. పక్కన కూర్చున్నాను. తడి ప్యాంటు నీలం రంగుకు అతుక్కుంది.

"నవ్వాను," అన్నాను. "నాదీ తడిసే ఉంది ఆ రోజు. అయినా నవ్వాను."

"తెలుసు," అంది. కళ్లు తుడుచుకుంది. "సరే, నేర్పు. ఏం చేయాలి?"

"ముందు ఊపిరి బిగబట్టడం మానెయ్."

చిగుసా ఊపిరి వదిలింది.